చామంతులు తెచ్చిన కవి

ఎస్పెరాంతో ఏ దేశానిదీ కాని భాష. లోకమంతా మాట్లాడుకోవాలని ఒకాయన పనిగట్టుకుని తయారుచేశాడు. తొంభైల్లో నేను దాన్ని పోస్టులో వచ్చే పాఠాలతో నేర్చుకున్నాను. అల్వాల్ మొత్తానికి ఆ భాష వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, కాబట్టి నా తప్పులు పట్టే మొనగాడు లేడు.

ఆ భాషలో నాకు ఉత్తరాలు రాసే స్నేహితుడు ఒక చెక్ దేశపు కవి. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. సొంత భాష ఉండగా ఇందులో రాయడమెందుకని అడిగాను. "మా భాషలో రాస్తే మావాళ్లు చదువుతారు. ఇందులో రాస్తే మీరు చదువుతారు" అన్నాడు. ఆ మాటకు పడిపోయాను. ఆయన్ని తెలుగులోకి తెచ్చే హక్కు నాదేనని తీర్మానించుకున్నాను.

మొదట పట్టుకున్నది చామంతుల కవిత. భర్త ఆదివారం చామంతులు తీసుకుని భార్య దగ్గరికి వెళ్తాడు. ఆమె పలకదు. రాలిన ఆకులు ఊడ్చి, మళ్లీ ఆదివారం వస్తానని చెప్పి వచ్చేస్తాడు. శామీర్‌పేట దగ్గర చామంతి తోటల మధ్య పెరిగినవాణ్ణి, నాకు ఒకరు చెప్పాలా? భార్య అలిగి పుట్టింటికి వెళ్లింది, ఈయన బతిమాలుకుంటున్నాడు!

లైబ్రరీలో జరిగిన సభలో దాన్ని అభినయంతో సహా చదివాను. హాలంతా ఒకటే నవ్వులు. ముందు వరుసలోంచి మా ఆవిడ, "గట్లనే తిరగాలె, అప్పుడు బుద్ధొస్తది!" అని గట్టిగానే అంది. ఇదంతా పూసగుచ్చినట్టు కవికి రాశాను.

రెండు నెలలకు జవాబొచ్చింది. "మా దేశంలో చామంతులు సమాధుల మీద పెడతాం. నా భార్య పోయి ఆరేళ్లయింది."

సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "అయ్యో, పెద్దమనిషిని ఎంత పరేషాన్ జేసినం! జల్దీ మాఫీ అడిగి జాబు రాయుండ్రి." రాశాను. కవితను సరిచేసి, వచ్చే సభలో మళ్లీ చదివి తప్పు ఒప్పుకుంటానని కూడా రాశాను. ఆయన స్నేహం ఇక దక్కదనే అనుకున్నాను.

ఈసారి జవాబు తొందరగా వచ్చింది.

"సరిచేయకండి. ఆమె పోయినప్పటి నుంచి అందరూ నా ముందు ఆమె మాటెత్తాలంటే గొంతు తగ్గిస్తున్నారు. మీ ఊళ్లో మాత్రం ఆమె ఇంకా నా మీద అలిగే ఉంది."

సరిచేసిన కాగితం చింపేశాను.