నర్సమ్మకు అర్థం కాలేదు

నా చిన్నప్పుడు మా నాన్నకి ఏదైనా అర్థం కాకపోతే తల ఊపేవాడు. అర్థమైనా ఊపేవాడనుకోండి, కానీ అర్థం కానప్పుడు ఇంకాస్త గట్టిగా ఊపేవాడు. ఆయనది యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరు ఉద్యోగం. ప్రొఫెసర్లు చీటీ రాసిస్తే నంబరు చూసి పుస్తకం తెచ్చివ్వడమే తప్ప అందులో ఏముందో ఆయనకి తెలియదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ‘సరే సార్’ అంటూనే బతికాడు. క్యాంపస్‌ని ఆనుకుని మాణికేశ్వర్ నగర్‌లో ఒక్క గదిలో ఉండేవాళ్ళం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఇంకా ఏడాది నిండని మా తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజుకి వాడి కళ్ళు లోపలికి పోయాయి. ఏడుపు వినపడితే చాలునని మా అమ్మ వాణ్ణి తొడ మీద గిల్లి చూసింది. వాడు ఏడవలేదు. అందరం కలిసి సర్కారు దవాఖానాకి పరిగెత్తాం. అక్కడి డాక్టరు వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి, ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పి, చీటీ రాసి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న నాలుగుసార్లు తల ఊపి, సరే సార్ అని, మమ్మల్ని తీసుకుని బయటికి వచ్చేశాడు.

వరండాలో ఒక నర్సమ్మ ఎదురైంది. గుంటూరు వైపు మనిషి, మెడలో చిన్న సిలువ. తమ్ముడి ముఖం చూడగానే ఆగి, డాక్టరు గారు ఏమన్నారని నాన్నని అడిగింది.

“మంచిగైతడు అన్నడమ్మా” అన్నాడు నాన్న.

డాక్టరు ఆ మాట అనలేదని నాకు కూడా తెలుసు. నర్సమ్మ చీటీ అందుకుని చదివింది. నాన్న సంచిలోంచి తొంగి చూస్తున్న సీసాని చూసింది. వీధి చివర దుకాణంలో కొన్న మందు అది, మూడు రోజులుగా తమ్ముడికి అదే పోస్తున్నాం. ఆమె మమ్మల్నేమీ అనకుండా మా అమ్మ భుజం పట్టుకుని మళ్ళీ గదిలోకి నడిపించుకెళ్ళింది.

“సార్, నాకు అర్థం కాలేదండి. మళ్ళీ ఒకసారి తెలుగులో చెప్తే గుర్తు పెట్టుకుంటాను” అంది డాక్టరుతో.

డాక్టరుకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఏం నేర్చుకున్నావని అందరి ముందూ కడిగేశాడు. ఆమె తల వంచుకుని నిలబడింది. ఆయన విసుక్కుంటూనే ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాడు. ఆ సీసా మందు వెంటనే ఆపేయాలి, అదే పోస్తూ ఉంటే బిడ్డ దక్కడు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచా చెంచాగా రోజంతా పట్టాలి. నాన్న మొదటిసారి తల ఊపకుండా విన్నాడు. నేను మాత్రం నర్సమ్మ చేతులు చూస్తున్నాను. డాక్టరు ఇంకా సీసా మందు సంగతే చెబుతున్నాడు, ఆమె అప్పటికే వెనక బల్ల మీద స్టీలు గ్లాసులో ఉప్పూ చక్కెరా కలిపేస్తోంది.

తమ్ముడు బతికాడు. ఆమె మాకు విడిగా చెప్పి ఉంటే మా నాన్న ఆమెకి కూడా తల ఊపేసి, పెద్ద డాక్టరు అనలేదు కదా అని ఆ సీసానే పోసేవాడు. మా నాన్నకి పోవాల్సిన పరువు తన నెత్తిన వేసుకుని ఆ మనిషి నా తమ్ముణ్ణి కాపాడింది.

తర్వాత నాన్న పుస్తకాలు మోసిన క్యాంపస్‌లోనే చదువుకున్నాను, జర్మన్ భాష నేర్చుకున్నాను, అదే నేర్పుతూ రిటైరయ్యాను. ఇప్పుడు తార్నాకలో ఒక జిరాక్స్ షాపు పైన, రెండో అంతస్తులో, జర్మనీ ఆసుపత్రులకి వెళ్ళే నర్సులకి పాఠాలు చెబుతున్నాను. దాన్ని అందరూ జర్మన్ స్కూలనే అంటారు. అక్కడి నుంచి మొన్ననే ఒక బ్యాచ్ వెళ్ళిపోయింది. పదహారు మంది. ఎన్నో బ్యాచ్‌లు చూశాను, వీళ్ళంతగా ఎవరూ నన్ను పట్టి పీడించలేదు.

పేర్లు నాకు గుర్తుండవు, అందుకని ఊళ్ళ పేర్లతోనే పిలిచేదాన్ని. బాపట్ల, ఏలూరు, భీమవరం, జనగామ, సూర్యాపేట. పొద్దున్నే ‘గూటెన్ మోర్గెన్ అండి’ అంటూ మెట్లెక్కేవాళ్ళు. ఆ ‘అండి’ మాన్పించడం నా వల్ల కాలేదు, చివరికి మాన్పించాలనిపించలేదు కూడా. రోగితో మాట్లాడే పాఠం వస్తే నన్నే బల్ల మీద పడుకోబెట్టి బీపీ చూసేవాళ్ళు, ఎక్కడ నొప్పో జర్మన్‌లో అడిగేవాళ్ళు. నా మోకాలి నొప్పి నిజమైనదని తెలిశాక సూర్యాపేట పిల్ల రోజూ నూనె రాయడం మొదలుపెట్టింది. శనివారాలు క్యాంపస్‌కి తీసుకెళ్ళి పెద్ద రాతి భవనం మెట్ల మీద పాఠం చెప్పేదాన్ని. వాకింగ్‌కి వచ్చేవాళ్ళు ఆగి ఈ వింత చూసిపోయేవాళ్ళు.

అందరిలోనూ ఒక జబ్బు మాత్రం మా నాన్నదే. అర్థం కాకపోతే తల ఊపుతారు. మన ఆసుపత్రుల్లో పెద్ద డాక్టరుని మళ్ళీ చెప్పమని అడిగే నర్సు ఎక్కడుంది? అందుకే మొదటి రోజే బోర్డు మీద ‘ఇష్ హాబె దాస్ నిష్ట్ ఫెర్‌ష్టాండెన్’ అని రాశాను. అంటే ‘నాకు అర్థం కాలేదు’ అని. అడిగితే మార్కులు పోవు, అడగకపోతే అక్కడ ప్రాణాలు పోతాయని చెప్పాను. అయినా ఊపుతూనే ఉంటే ఒక మధ్యాహ్నం పుస్తకం మూసేసి నర్సమ్మ కథ చెప్పాను.

అందరికంటే ఎక్కువగా తల ఊపేది జనగామ. రాతలో గట్టెక్కేది, మాట్లాడే పరీక్షలోనే రెండుసార్లు తప్పింది. భర్త లేడు. నాలుగేళ్ళ కూతుర్ని ఊళ్ళో తల్లి దగ్గర వదిలి అడిక్‌మెట్ హాస్టల్లో ఉంటోంది. ఉద్యోగంలో చేరితే బిడ్డని తీసుకెళ్ళొచ్చు. కానీ ఈసారి కూడా తప్పితే ఇక తన కోసం ఆగలేమని ఉద్యోగమిస్తామన్న జర్మనీ ఆసుపత్రి రాసేసింది. ఫోన్ చేస్తే కూతురు ‘ఎవరు’ అని అడగడం మొదలుపెట్టిందట. ఆ సంగతి నాతో చెప్పిన రోజు ఆ పిల్ల ఏడవలేదు. చెప్పేసి ఊరికే గోడ వైపు చూస్తూ కూర్చుంది.

భీమవరం దీనికి పూర్తిగా వ్యతిరేకం. చర్చిలో పాడే గొంతు, క్లాసులో ఫస్టు. నా సర్వీసులో ఇంత మంచి జర్మన్ మాట్లాడిన పిల్ల లేదని ఊరంతా చెప్పుకుని తిరిగాను. పరీక్షలో ఇద్దరిద్దరిని కలిపి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. వీళ్ళిద్దరికీ జత పడింది. జనగామకి అదృష్టం తిరిగిందని నేను సంబరపడ్డాను.

పరీక్ష రోజు బయట రోడ్డు మీద నిలబడ్డాను. ఇద్దరూ కలిసే బయటికి వచ్చారు. జనగామ ముఖంలో నెత్తురు లేదు. నేను భీమవరాన్ని అడిగాను. మొదటి ప్రశ్న అర్థం కాలేదండి, రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాను అంది. ఏమడిగారని అడిగితే చెప్పింది. మొదటి నెలలో నేర్పిన ప్రశ్న అది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

“అడగమని చెప్పింది అర్థం కానివాళ్ళకి. నీకేమొచ్చింది? ఇన్ని నెలలు ఏం నేర్చుకున్నావు?” అని రోడ్డు మీదే అరిచాను.

భీమవరం తల వంచుకుంది. జనగామ పక్కనే నిలబడి ఉంది. తర్వాతి రోజుల్లో కూడా భీమవరం క్లాసుకి వచ్చింది, కానీ చివరి బెంచీలో కూర్చుంది. నేను కూడా పంతానికి పోయి పలకరించలేదు. అరవై దాటినదాన్ని, ఆ మాత్రం బుద్ధి లేకపోయింది.

రెండు వారాలకి ఫలితాలొచ్చాయి. జనగామ గట్టెక్కింది, అంచు మీద. భీమవరానికి ఎప్పట్లాగే ఫస్టు వచ్చింది. ఆ సాయంత్రం జనగామ ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. స్వీటు డబ్బా బల్ల మీద పెట్టింది కానీ మూత తీయలేదు.

“మేడమ్, గా రోజు అర్థం కాంది నాకు. ఆళ్ళు నన్నే అడిగిన్రు, నేను తల ఊపుకుంట కూసున్న. గా పిల్ల తనకే అర్థం కాలేదని చెప్పి, నాకు అర్థమయ్యేదాంక అడిగింది. మీరు తిట్టేటప్పుడు నా నోరు రాలే.”

యాభై ఏళ్ళకి పైగా ఆ డాక్టరుని మనసులో తిట్టుకుంటున్నాను. నర్సమ్మ కథ చెప్పిన ప్రతిసారీ ఆయన గొంతుని అనుకరించి పిల్లల్ని నవ్వించాను. తీరా నర్సమ్మ మళ్ళీ వచ్చి నా ముందు నిలబడితే నేను అన్నది ఆ డాక్టరు మాటే. అప్పుడు ఆ చేతుల వైపు చూసిన తొమ్మిదేళ్ళ పిల్ల ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. అంత సిగ్గు నా జన్మలో ఎన్నడూ పడలేదు.

చివరి శనివారం అందరం రాతి భవనం మెట్ల మీద కలిశాం. నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి భీమవరం ముందుకి వెళ్ళి, నేనే బోర్డు మీద రాసిన ఆ జర్మన్ వాక్యం చెప్పాను. నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళలో విద్యార్థి ముందు ఆ మాట అనడం అదే మొదలు. రెండోసారి కూడా చెప్పాను.

“పర్లేదండి మేడమ్ గారూ” అంది ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, “ఆ కథ మీరే కదండీ చెప్పారు.”

వాళ్ళంతా వెళ్ళిపోయారు. జనగామ కూతురికి పాస్‌పోర్టు వచ్చిందని మెసేజ్ వచ్చింది. ఇప్పుడు నా ముందు కొత్త బ్యాచ్ ఉంది. అదే వాక్యం బోర్డు మీద రాశాను, వీళ్ళూ తల ఊపారు. తెలివైన పిల్ల ఎవరైనా లేచి అర్థం కాలేదంటే ఇప్పటికీ నా నాలుక చివరి దాకా ఆ డాక్టరు మాటే వస్తుంది. అప్పుడు ముందు ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తాను. ఆ తర్వాత మొదటి నుంచి, మెల్లగా, మళ్ళీ చెబుతాను.