లోపలున్నవాళ్ళు చూస్తారు

బొమ్మ పడవలు చేసే అన్నయ్యకు ఒకటే జబ్బు: ఎవరికీ కనబడని చోట ప్రాణం పెట్టి పనిచేయడం. పైన రంగు వేయాలంటే ఎక్కడలేని బద్ధకం. లోపల మాత్రం అగ్గిపెట్టెంత వంటగది చేసి, అందులో సింకు చేసి, సింకులో కడగని గిన్నెలు చేసి, పైన మూత అతికించేసేవాడు.

"ఎవరు చూస్తారన్నయ్యా?" అని చెల్లెలు నెత్తి కొట్టుకునేది.

"లోపలున్నవాళ్ళు చూస్తారు."

"చూస్తే ఆ గిన్నెలేవో వాళ్ళనే తోముకోమను!"

ఈసారి చేస్తున్నది మాత్రం ఆమె కన్నెత్తి చూడలేని పడవ. రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన పెట్టి వంతెన వేసినట్టుండే పందెం కాటమరాన్. అసలు పడవ సముద్రం దాటడంలో పాత రికార్డులన్నీ బద్దలుకొట్టింది. ఆ పరుగులోనే ఒక కెరటం ఆమె భర్తను ఈడ్చుకుపోయింది. శవం కూడా దొరకలేదు. రికార్డు దొరికింది.

ఆ పడవను పందేనికి దింపిన కంపెనీ హాల్లో పెట్టడానికి నమూనా కావాలంటూ మేనేజరు వచ్చాడు. "గమ్యం చేరినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. పైన ఐదుగురు. అంతే."

బయల్దేరింది ఆరుగురు. అయినా అన్నయ్య "అలాగేనండి" అని తలూపాడు. ఆ తలూపుడుకు చెల్లెలి ఒళ్ళు మండిపోయింది. తోడబుట్టినవాడే ఆయన్ని రెండోసారి నీళ్ళలోకి తోశాడనిపించింది. ఆ రోజు నుంచి అన్నయ్యకు అన్నం పెట్టింది కానీ, ఒక్క మాట పెట్టలేదు.

అప్పగించాల్సిన పొద్దున అన్నయ్య ఆమెను పిలిచి, ఎడమ పడవ మూత ఎత్తి, చేతికి భూతద్దం ఇచ్చాడు. లోపల ఆరేసిన మేజోళ్ళు. చిన్న మంచం. దాని కింద కడగని టీ కప్పు. దుప్పటి కప్పుకుని వెల్లకిలా నిద్రపోతున్న మనిషి.

"బావ డ్యూటీ దిగాడమ్మా. పడుకున్నాడు" అన్నాడు, ఆమె మొహంలోకి చూడకుండా.

ఆమె ఏడుస్తాననుకుంది. కానీ కోపం వచ్చింది.

"ఆయన ఏనాడైనా వెల్లకిలా పడుకున్నారా? బోర్లా పడుకుని, దుప్పటంతా కింద పారేసి..."

అన్నయ్య నాలిక కరుచుకుని పట్టకారు అందుకున్నాడు.

ఇంతలో మేనేజరు గుమ్మంలోకి వచ్చి అరిచాడు. "ఇంకా ఏమిటండీ? బయట వ్యాను ఆగుంది! ఆ మూత కింద ఏముంటే ఏం, ఎవరు చూస్తారు?"

"లోపలున్నాయన చూస్తారు" అంది చెల్లెలు, కుర్చీ లాగి వేస్తూ. "కూర్చోండి. కాస్త మెల్లగా మాట్లాడండి, ఇప్పుడే పడుకున్నారు."