వెండి కాగితం చుట్టిన ఫ్యూజు

ఆ వీధిలో అందరూ అతన్ని చిటికె మేస్త్రి అంటారు. పాత కార్లకు కరెంటు పని చేస్తాడు. ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తకముందే "చిటికెలో తేల్చేస్తా" అంటాడు, చాలాసార్లు తేల్చేస్తాడు కూడా. కాలిపోయిన ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పని నడిపించేవాళ్ళంటే మాత్రం అతనికి ఒళ్ళుమంట. "ఫ్యూజు కాలేది బండి కాలకుండా ఉండడానికిరా నాయనా! దాని నోరు నొక్కేస్తే ఇక నీకు చెప్పేదెవరు?" అని వీధంతా వినపడేలా దులిపేసేవాడు.

అలాంటివాడి పరువు సొంత చెల్లెలి మొగుడి కారు దగ్గర పోయింది. బావది టాక్సీ. బండి ముసలిది, బావేమో నోట్లో నాలుక లేని మనిషి. వెనక లైట్ల ఫ్యూజు ఊరికే పోతోందని తెచ్చాడు. మేస్త్రి డిక్కీ తెరిచి, అందులోనే పనిముట్లు పరుచుకుని, టెస్ట్ బల్బు పెట్టి ఒక్కో వైరూ చూశాడు. ఎక్కడా లోపం లేదు. కొత్త ఫ్యూజు వేస్తే లైట్లు శుభ్రంగా వెలిగాయి. "తీసుకెళ్ళు బావా" అన్నాడు. వీధి మలుపు తిరక్కముందే ఫ్యూజు పోయింది. మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ అదే కథ.

"ఏం మేస్త్రీ, చిటికె ఇంకా మోగలేదా?" అని ఎదురు టీకొట్టువాడు ఎకసెక్కం ఆడాడు.

"మా అన్నయ్యకి చేతకాని బండి ఇంకా పుట్టలేదు!" అని బావతో వచ్చిన చెల్లెలు వాడి మీద గయ్యిమంది.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. నాకు అంతుపట్టడం లేదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. పరువు అడ్డొచ్చింది. అటు తిరిగి, కాలిన ఫ్యూజుకు వెండి కాగితం చుట్టి దాని చోట్లో నొక్కేశాడు.

"దొరికింది" అన్నాడు.

లైట్లు మళ్ళీ ఆరిపోలేదు. మేస్త్రికి మాత్రం అన్నం సహించలేదు. రేపు పిలిచి మార్చేద్దాం, పోనీ ఎల్లుండి అనుకుంటూ నెట్టుకొచ్చాడు. పిలిస్తే ఎందుకో చెప్పాలి కదా.

ఈలోగా నడుస్తున్న బండి డిక్కీలోంచి పొగ లేచింది. ఎక్కినవాళ్ళను దించేసి, బావ ఇసుక పోసి మంట ఆర్పాడు. అరచెయ్యి కాలింది.

చేతికి కట్టుతో బావ, వెనకే చెల్లెలు దుకాణానికి వచ్చారు. మేస్త్రి కాలిన వైరు పట్టుకుని డిక్కీ మూత పైకీ కిందికీ ఆడించాడు. అప్పుడు తెలిసింది. మూత మూసినప్పుడే వైరు కీలు దగ్గర నలిగి ఇనుముకు తగులుతోంది. తానేమో ఎప్పుడు వెతికినా మూత తెరిచే పెట్టుకున్నాడు! ఇన్నేళ్ళ పనితనంలో ఒక్కసారి మూసి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. సిగ్గుతో చెవులు భగ్గుమన్నాయి.

"నువ్వు బాగుచేసి ఇస్తే, ఈయనే డిక్కీ దభేల్‌మని వేసి పాడుచేశారట అన్నయ్యా. తనే ఒప్పుకున్నారు" అంది చెల్లెలు.

మేస్త్రి గబగబా ఫ్యూజు పెట్టె తెరిచాడు. ఆ చోటు ఖాళీ. ఫ్యూజూ లేదు, వెండి కాగితమూ లేదు. తలెత్తి చూస్తే, బావ చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని చూపు తిప్పేసుకున్నాడు. అంతా తెలిసే ఇంట్లో చీవాట్లు తిన్నాడన్నమాట. మేస్త్రికి అక్కడికక్కడే భూమిలో కూరుకుపోవాలనిపించింది.

కీలుకు తగలకుండా కొత్త వైరు లాగాడు, సరైన ఫ్యూజు పెట్టాడు. ఇక ఉండబట్టలేక అనేశాడు.

"తప్పు బావది కాదమ్మా, నాది. లోపం దొరక్క ఫ్యూజుకు కాగితం చుట్టి ఇచ్చాను."

చెల్లెలు పకపకా నవ్వింది. "చాల్లే అన్నయ్యా! ఆయన్ని వెనకేసుకు రావడానికి ఎంత మాటైనా అనేస్తావు. ఆ పని చేసేవాళ్ళను నువ్వు తిట్టే తిట్లు నేను విననివా?"

"బావా, నువ్వైనా చెప్పు. జేబులోది చూపించు."

"ఏం చూపించమంటారు బావగారూ" అన్నాడు బావ నింపాదిగా. కట్టు కట్టిన చేత్తోనే డిక్కీ మూత పట్టుకుని, చప్పుడు కాకుండా మెల్లగా మూశాడు.

"అదీ, అలా వెయ్యాలి" అంది చెల్లెలు.