తాత తాగిన సింగిల్ మాల్ట్

ఆ రోజుల్లో నా బతుకంతా ఒక మనిషి ముక్కు మీద ఆధారపడి ఉండేది. బెంగళూరులో ఒక ట్రావెల్ ఆఫీసులో ట్రైనీగా చేరి, ఎప్పుడు పర్మనెంటు చేస్తారా అని కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న కాలం. (సారాయి ప్యాకెట్లు నిషేధించి, దేవనహళ్ళిలో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచిన రోజులవి.) మా మేనేజరుకు మేం చాటుగా పెట్టుకున్న పేరు ముక్కుసార్. ఆయన విస్కీ తాగడు, ఆస్వాదిస్తాడు. ఆ రెండింటికీ తేడా తెలియనివాళ్ళను మనుషుల్లో జమకట్టడు. గ్లాసులో కాస్త పోసుకుని, ముక్కు లోపలికంటా పెట్టి, కళ్ళు మూసుకుని పొగ అంటాడు, సముద్రపు నాచు అంటాడు, ఆస్పత్రి అంటాడు. ఆ తర్వాత ఒక చుక్క నీళ్ళు వేసి మళ్ళీ మొదటికొస్తాడు. నాది చింతామణి దగ్గర కెంచార్లహళ్ళి. బోరులో నీళ్ళు పడితే పండగ చేసుకునే ఊరు. సముద్రం అప్పటికి చూసి ఎరగను. అయినా ఆయన ఏమన్నా "అవును సార్, నాచే" అని తలూపేవాణ్ణి. ఆ తలూపుడు చూసే ఆయన నన్ను నమ్మాడు, నా కొంప అక్కడే మునిగింది.

ఆ ఏడు ఆయన స్కాట్లండు వెళ్ళి, పడమటి సముద్రంలో ఏదో ద్వీపంలో విస్కీ కాచే డిస్టిలరీకి పోయి, పీపా దగ్గర నిలబడి స్వయంగా తన చేత్తోనే ఒక సింగిల్ మాల్ట్ విస్కీ సీసా నింపుకుని, దానిమీద తన పేరు రాసుకుని వచ్చాడు. అలాంటిది డబ్బిస్తే దొరికేది కాదట. దాన్ని ఆదివారం సాయంత్రం నంది దగ్గర ఒక గెస్ట్ హౌస్‌లో నలుగురు స్నేహితుల మధ్య తెరవాలని ముహూర్తం పెట్టుకున్నాడు. తను ముంబయి నుంచి విమానం దిగి నేరుగా అక్కడికే వస్తాడు కాబట్టి, అటువైపు వాణ్ణని సీసా నా చేతిలో పెట్టి, పసిబిడ్డలా చూసుకుని ఆదివారం సాయంత్రానికి అక్కడికి తెమ్మన్నాడు. సోమవారం నా పర్మనెంటు కాగితం మీద సంతకం పెడతానని కూడా అన్నాడు. శనివారం ఊరికి పోయే బస్సులో సీసా ఉన్న బ్యాగును నేను ఒళ్ళోనుంచి దించలేదు.

ఆదివారం మా ఇంట్లో పెద్దల పండగ. పోయినవాళ్ళకు ఏది ఇష్టమో అది వండి, వాళ్ళ ఫోటో ముందు విస్తరిలో పెట్టి, ఆనక కొంచెం మిద్దెమీద కాకికి వేస్తారు. కాకి ముట్టితే పెద్దలు తృప్తిపడినట్టు. మా తాతకు ఇష్టమైనవి వేటకూర, బీడీ, సారాయి. సారాయి నిషేధించాక అవ్వ కష్టం అంతా ఇంతా కాదు. ముందటేడు ఒక బ్రాందీ క్వార్టరు తెప్పించి పెడితే, ఎంతసేపు పిలిచినా కాకి రాలేదు. అవ్వ ఏడాది పొడుగునా అదే దిగులు పెట్టుకుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా సీసాను బట్టల మధ్య చుట్టిపెట్టి, పొద్దున్నే వేటకూరకని చింతామణికి పోయాను. అవ్వ నా మాసిన బట్టలు ఉతకడానికి బ్యాగు తెరిచింది.

తిరిగొచ్చేసరికి తాత ఫోటో ముందు ముక్కాలిపీట మీద ముక్కుసార్ సీసా, బిరడా లేకుండా. పక్కన నిండుగా పోసిన ఇత్తడి లోటా. అవ్వ కళ్ళు ఒత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పకుండా దాచిపెట్టినావే నాయనా. ఇంతమంది మనవళ్ళుండారు, తాత నోటికి ఏమి కావల్లో నీకొక్కనికే తోచింది" అంది. తర్వాత బిరడా ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసన జూడప్పా. మా అమ్మగారింటి చేన్లో చెనక్కాయలు కాల్చినట్లుండాది" అని నవ్వింది. అవ్వ అలా చిన్నపిల్లలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. "అవ్వా, అది..." అన్నాను. నాకు ఏడుపొచ్చింది. అది తాత మీద ప్రేమ అనుకున్నారు అందరూ.

పోయింది లోటాడే కదా అని గుండె దిటవు చేసుకున్నాను. అంతలో కాకి వచ్చి ముక్క ఎత్తుకుపోయింది. ఇల్లంతా సంబరం. ఇక ఆ సీసా మామూలు సీసా కాదు, పెద్దల ప్రసాదం. అది గడప దాటకూడదు, ఆ పూటే ఇంట్లో మగవాళ్ళు పంచుకుని ముగించాలి. తాత తమ్ముడు, మా చిన్నతాత, స్టీలు గ్లాసులు వరసగా పెట్టి, బోరునీళ్ళు సగానికి సగం కలిపాడు. (ఒక్క చుక్క నీళ్ళకు అంత ఆలోచించే ముక్కుసార్ చూసి ఉంటే అక్కడే మూర్ఛపోయేవాడు.) ఒక గుక్క తాగి, కాసేపు పుక్కిట పట్టి, "పట్టుపురుగులింట్లో మందు కొట్టినట్లుండాది గదప్పా. మా అన్న ఎట్ల తాగుతాండాడో పాపం" అని, అన్నమీద జాలితో ఇంకో గ్లాసు పోసుకున్నాడు. నా వంతు నాకూ ఇచ్చారు. జీవితంలో మొదటి గుక్క. తగలబడుతున్న కొట్టం ముందు నోరు తెరుచుకుని నిలబడినట్టు అనిపించింది. నాచు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

ఖాళీ సీసా తువ్వాలులో చుట్టుకుని చిక్కబళ్ళాపురం బస్సెక్కాను. కనబడిన దేవుడికల్లా మొక్కాను. ఏమని మొక్కాలో తెలియకపోవడం వల్ల ఏ మొక్కూ పనిచేయలేదు. గెస్ట్ హౌస్‌లో తెల్లబట్ట పరిచిన బల్లమీద సన్నమూతి గ్లాసులు బారుతీరి ఉన్నాయి. ముక్కుసార్ సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరు తాగారు?" అన్నాడు మెల్లగా.

"మా తాత సార్."

"ఆయనకు సింగిల్ మాల్ట్ అలవాటా?"

"లేదు సార్. ఆయన పోయి చాలా ఏళ్ళయింది."

ఆయన తిట్టినా బాగుండేది. స్నేహితులు నలుగురూ ఖాళీ సీసాను ఒకరి తర్వాత ఒకరు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఒకాయన, పాపం, "పొగ" అన్నాడు. సోమవారం సంతకం పడలేదు. కొన్నాళ్ళకు వ్యాపారం డీలా పడి మనుషుల్ని తీసేస్తుంటే, మొదటి పేరు ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఊరికి తిరిగొచ్చి డెయిరీకి పాలు మోస్తూ, తలెత్తుకోలేక ఒక ఏడు గడిపాను. ఉద్యోగం ఎందుకు పోయిందో అవ్వకు చెప్పలేదు. ఆమె మాత్రం రోజూ అన్నం పెడుతూ, తాత కడుపు నిండింది కాబట్టి నాకు ఏ కొదవా రాదని ధైర్యం చెప్పేది. నేను తల వంచుకుని అన్నం కలుపుకునేవాణ్ణి.

ఆ తర్వాత చిక్కబళ్ళాపురంలో ఏదో ఉద్యోగం దొరికింది. అప్పటినుంచి మా తాత, బతికినన్నాళ్ళూ సారాయి ప్యాకెట్టు తప్ప ఎరగని మనిషి, ఏటేటా ఆ ద్వీపం నుంచి వచ్చి కొట్లో దొరికే విస్కీ తప్ప ముట్టడం లేదు. ఇంకేది పెట్టినా కాకి రాదని అవ్వ తీర్మానం. తెచ్చేది నేను, బిరడా తీసేది ఆమె. తీసి, ఎవరికీ ఇవ్వకుండా ముందు తనే వాసన చూసి, నవ్వి, ఆ తర్వాతే తాతకు పోసేది.

అవ్వ కూడా పోయింది. ఆమె ఫోటో తాత పక్కకు చేరిన మొదటి పెద్దల పండగనాడు, అవ్వకు ఏమి ఇష్టమని అమ్మ అడిగింది. ఇంటినిండా మనుషులం, ఎవరికీ తెలియదు. ఒకరు కాఫీ అన్నారు, ఒకరు ఒబ్బట్లు అన్నారు. అవి ఆమె మాకు చేసిపెట్టినవే. అందరూ తిన్నాక మిగిలింది తినేది, అది ఆమెకు నచ్చిందో లేదో ఎవరమూ అడగలేదు. మాకు సిగ్గేసింది. నేను సీసా బిరడా తీసి, అలవాటుగా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. (ఈ మధ్య నేనూ ఒక చిన్న ముక్కుసార్‌నయ్యాను, ఏం చేస్తాం.) అంతలో గుర్తొచ్చి, వాసన చూడకుండానే ఆ బిరడాను అవ్వ ఫోటో ముందు పెట్టాను.