నాలుగు పీతల ముందు క్షమాపణ

ఈ రోజు ల్యాబులో సిగ్గుతో తల వంచుకున్నాను. జువాలజీ మేస్టారిని అయ్యుండి!

అంతర్వేది నుంచి క్యానుల్లో సముద్రపు నీళ్లు తెప్పించి, మా కాలేజీ గాజు తొట్టెలో ఒక సీ ఎనిమోన్‌ని పెంచుతున్నాను. రాయికి అతుక్కుని, పువ్వులా విచ్చుకునే జీవి అది. తోడుగా శంఖాల్లో కాపురముండే నాలుగు పీతల్ని వేశాను. చుట్టానికి వడ్డించినట్టు దానికి పూటపూటా రొయ్యముక్కలు కొసరి కొసరి పెట్టాను.

మొన్న అది ముడుచుకుపోయింది. చుట్టూ పీతలు కనబడ్డాయి. అవే పీక్కుతింటున్నాయని, తీసి పారేయమన్నాను. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మా అటెండరు సత్యానందంగారు “ఉంచండి మేస్టారూ” అన్నారు. “జువాలజీ చదివింది మీరా, నేనా?” అన్నాను, నలభైమంది విద్యార్థుల ముందు.

ఈ పొద్దున్న మూత తీస్తే ఒకటే కంపు. నీళ్లు తెల్లగా విరిగిపోయాయి. ఎనిమోన్ రాయి నుంచి ఊడి, కొసప్రాణంతో ఉంది. అడుగున కుళ్లిన రొయ్యముక్కలు.

“పీతలు దాన్ని తినలేదాండీ?” అని సత్యానందంగారిని అడిగాను.

“లేదండీ. అది వదిలేసింది తినేవండి. వారానికి రెండు ముక్కలు చాలండి దానికి.” ఆయన బల్ల కింది నుంచి బకెట్టు లాగేరు. నాలుగు పీతలూ అందులోనే ఉన్నాయి. “పారేయడానికి మనసొప్పలేదండి. నీళ్లు మార్చి మళ్లీ వెయ్యమంటారా?”

నన్నే అడుగుతున్నారు!

“తప్పయిపోయిందండీ” అన్నాను. అప్పటికి విద్యార్థులెవరూ రాలేదు. వచ్చేక మళ్లీ చెప్పాలనుకున్నాను. పాఠం చెప్పి ఇంటికొచ్చేశాను.

అవమానించింది నలభైమంది ముందు, క్షమాపణ చెప్పింది నాలుగు పీతల ముందు. చెల్లుతుందంటారా?