తమ్ముని ఊపిరి, వార్సా చలి

నేను ఉట్నూర్ల బడి పంతులమ్మను. భూగోళం చెప్త. ప్రపంచంల ఎక్కడ ఎంత ఎండ, ఎక్కడ ఎంత మంచు అని ఎవరడిగినా తడుముకోకుండ చెప్పేదాన్ని. అసొంటిదాన్ని, నన్ను కన్న మా అవ్వ అడిగిన ఒక్క మాటకు నీళ్లు నమిలిన.

మా తమ్ముడు జమ్మికుంటల పత్తి మిల్లుల పనిచేసేటోడు. దూదిపీచు రొమ్ములకు పోయి పోయి వానికి ఆయాసం పట్టుకున్నది. ఎండకాలం ఎట్లనో గట్టెక్కుతడు. చలికాలం వచ్చిందంటే మాత్రం రొమ్ముల ఒక్కటే పిల్లికూతలు. నన్నూ అవ్వనూ చూడ ఉట్నూరుకు వచ్చినప్పుడల్లా, పాపం, గోడకు ఒరిగి కూసునే తెల్లారగొడుతుండె. కరీంనగర్ డాక్టరు పీల్చే మందు రాసిచ్చి, మిల్లు ఇడిచిపెట్టు, చలికి జర పైలం అన్నడు. ఇడిచిపెడితే తినేదెట్ల? గల్ఫుకు పోదామంటే ఆడ ఇసుక దుమ్ము. గప్పుడే హుజూరాబాద్ దోస్తు ఒకడు కబురు తెచ్చిండు. పోలెండు దేశంల, వార్సా అనే పట్నంల, సామాను గోదాముల పని ఉన్నదట, దుమ్ము లేదట. మావోడు ఎగిరి గంతేసిండు, వీసా గూడ వచ్చింది.

ఆడ మంచు పడతదని ఎవరో అవ్వ చెవిన ఏసిండ్రు. ఇగ సూడు అవ్వ పరేషాను. గీ ఉట్నూర్ చలికే ఉక్కిరిబిక్కిరయ్యే పోరడు ఆడ బతుకుతడా అని. బతికుంటే బలుసాకు తినొచ్చు, ఏ దేశమూ వద్దన్నది. మళ్లా మిల్లు యాదికొచ్చి ఏడ్సింది. ఆఖరుకు నన్ను కూసోబెట్టి అడిగింది.

"సదువుకున్నదానివి గదా బిడ్డా, గా ఊరు చలి ఎసొంటిదో చెప్పు. వాణ్ని పంపాల్నా, ఆపాల్నా, నీ మాట మీదనే."

సరే అని నా పుస్తకాలు తెరిచిన. శాస్త్రవేత్తలు ఊర్లను ఐదు గుంపులు చేసిండ్రని చెప్పిన. వేడి ఊర్లు, ఎండిన ఊర్లు, నడిమి చలి ఊర్లు, గట్టి చలి ఊర్లు, ఏడాదంతా గడ్డకట్టే చోట్లు. చలి లెక్క తేల్చాలంటే అన్నిటికన్న చల్లటి నెల సగటు చూడాలె. అది పద్దెనిమిది డిగ్రీలకు కిందికి దిగకపోతే వేడి గుంపే. మరి మనదేంది అన్నది. కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ వేడి గుంపే అన్న. అవ్వకు మండింది. పొద్దుగాల చలిమంట కాడికెళ్లి లేవబుద్ధి కాని ఆదిలాబాద్ జిల్లా వేడిదా? గది రాసినోణ్ని తెచ్చి ఒక్క రాత్రి ఉట్నూర్ బస్టాండ్ల పండబెట్టమన్నది. రాత్రి ఇగం, పగటి ఎండ రెండూ కలిపి సగం చేస్తరే అంటే ఇంటదా?

అసలు తిప్పలు వార్సా కాడ వచ్చింది. నడిమి చలికి, గట్టి చలికి మధ్యల గీత ఒక పుస్తకంల సున్నా మీద ఉన్నది, ఇంకో పుస్తకంల మైనస్ మూడు మీద. వార్సా చల్లటి నెల సరిగ్గ గా రెండిటి నడుమ ఇరుక్కున్నది. ఒక పుస్తకం ప్రకారం గట్టి చలి ఊరు, ఇంకోదాని ప్రకారం నడిమిది. ఊరొక్కటే, చలొక్కటే, పుస్తకం మారితే గుంపు మారుతదా అని, సదవేస్తే ఉన్న మతి పోయిందట అని అవ్వ నా మొకం మీదనే అన్నది. నాకు ఒళ్లు మండి పుస్తకాలు మూసిన. తమ్ముడైతే నవ్విండు. గీత ఏ పక్కకున్నా మంచిదే, మిల్లుల ఉంటే మాత్రం బతకనక్కా అన్నడు. గా మాట ఇన్నంక నేనే పంపుమన్న.

ఇగ సర్దుడు సూడాలె. గల్ఫు నుంచి వచ్చిన పులిబొమ్మ కంబలి, మంకీ టోపీలు, కర్పూరం కలిపిన నువ్వుల నూనె. మా దగ్గర బయట ఎంత చలో ఇంట్ల గూడ దగ్గర దగ్గర అంతే. అందుకే ఆడ గూడ వాడు మంచు అంత చలిలనే పండుకుంటడని అందరం ఖాయం చేసుకున్నం. నా భూగోళం గూడ నాకు వేరే తీరు చెప్పలే.

వాడు పోయినంక మొదటి జనవరి. మంచు కురుస్తుంది, మైనస్ పన్నెండు అని ఒకనాడు చెప్పిండు. తెల్లారి ఫోన్ రాలే. చేస్తే కలవలే. పంపుమన్న నోరు నాదే గదా. బడిల పాఠం చెప్తున్న గని నా పానం నా కాడ లేదు.

మరునాడు రాత్రి అన్నం ఏళ్లకు వీడియో ఫోన్ వచ్చింది. చూస్తే మావోడు బనీను మీదున్నడు. మంచు దేశంల బనీను. చలికి ఫోను బ్యాటరీ ఖరాబయిందట, కొత్తది ఏయించిండట. అవ్వ లబలబలాడింది, సెటర్ తొడుక్కోరా అని. ఇంట్ల ఉక్కపోస్తుందవ్వా అన్నడు. కిటికీల కింద వేడినీళ్ల గొట్టాలున్నయట, అద్దాలు రెండు పొరలట, గాలి దూరదట. బయటికి పోతే మూతికి మఫ్లరు చుట్టుకుంటడట, గోదాముల గూడ వెచ్చగనే ఉంటదట. నాకు నవ్వాగలే. పుస్తకాలు కొలిచింది బయటి గాలిని, మనిషి పండుకునే అర్రను కాదు. వేడి గుంపుల మేము శాలువలు కప్పుకొని కూసున్నం.

అవ్వ గవేమీ పట్టించుకోలే.

"గొట్టాల ముచ్చట తర్వాత చెప్పు. ఫోను రొమ్ము కాడ పెట్టు."

వాడు పెట్టిండు. తెర నల్లగయింది. అవ్వ నా ఫోను చెవికి ఒత్తుకొని, ఊపిరి గుంజు బిడ్డా అన్నది. ఇంకోసారి అన్నది. నేను గూడ నా ఊపిరి బిగబట్టిన. జరసేపటికి అవ్వ నా దిక్కు తిరిగి, పిల్లికూతల్లేవు అన్నది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఫోనియ్యి, నేను గూడ మాట్లాడుత అని చెయ్యి చాపిన. అవ్వ ఇయ్యలే. జరాగు అని చెయ్యితోని చెప్పి, వాని ఊపిరి ఇనుకుంట అట్లనే కూసున్నది.