బిల్లు అడగని టాంగెన్

లోకంలో కొందరు రాజ్యాలు గెలిచి చరిత్రకెక్కారు. కొందరు పోగొట్టుకుని ఎక్కారు. అమెరికాలోని డులూత్ నగరంలో ఆర్విల్ టాంగెన్ మాత్రం జనం వాడేసిన వస్తువులు వెనక్కి తీసుకుని ఎక్కాడు. ఆరువందల నలభై దుకాణాలకు అధిపతి, వందల కోట్ల డాలర్ల ఆసామి అయిన ఈ మహానుభావుడికి "తీసుకోం" అన్న మాట నోరు తిరగదు. ఆ లోపానికి వైద్యం లేదు.

ప్రతి గురువారం ఆయన ఏప్రన్ కట్టుకుని, తన మొట్టమొదటి దుకాణంలో వాపసు కౌంటరు దగ్గర నిలబడేవాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన కార్యదర్శి అయిన మార్లిస్ పక్కన నిలబడి నిట్టూర్చేది. ఒకసారి ఒక ముసలాయన కారు టైరు దొర్లించుకుంటూ వచ్చాడు.

"టాంగెన్‌గారూ, మనం టైర్లు అమ్మమండీ!" అంది మార్లిస్ చెవిలో.

"అందుకే మన దగ్గర ఒక్కటీ లేదు. ఉండనీ."

"బిల్లు కూడా లేదు!"

"టైరుందిగా. బిల్లేం చేసుకుంటాం?"

ఇక్కడితో ఆగితే వేడుకే. ఆయన మనుషులనూ ఇలాగే వెనక్కి తీసుకునేవాడు. నలభై రోజులు సమ్మె చేయించి తన దుకాణాలు మూయించిన కార్మిక నాయకుణ్ని అందరూ వెలివేస్తే, పిలిచి గోదాముల మీద అధికారిని చేశాడు. పత్రికవాళ్లు "టాంగెన్ సావాసాలు" అని వారం వారం ఒక శీర్షికే పెట్టారు. అది రాని వారం ఆయన, "నేనేం తప్పు చేశాను?" అని నొచ్చుకునేవాడు.

అసలు గొడవ మాజీ మేయరు లుండీన్‌తో వచ్చింది. టాంగెన్ దుకాణం ఒకటి లేవకుండా ఆపడానికి పోటీ వర్తకుడి దగ్గర లంచం తిని, నాలుగేళ్లు జైల్లో ఉండి వచ్చాడతను. ఊళ్లో ఎవరూ గది కూడా అద్దెకివ్వలేదు. టాంగెన్ వాపసు కౌంటర్లో ఉద్యోగం ఇస్తానన్నాడు.

కంపెనీ డైరెక్టర్లు భగ్గుమన్నారు. శుక్రవారం సమావేశంలో వాళ్ల పెద్ద హాల్వర్ స్ట్రాండ్ బల్ల గుద్దాడు.

"దొంగని కౌంటర్లో పెడతావా ఆర్విల్?"

"అక్కడ దొంగిలించడానికేముంది హాల్వర్? పాత బూట్లు. అవీ అతని కాలికి పట్టవు."

"నవ్వులాట కాదు. ఆ మేయరు కావాలా, అధ్యక్ష పదవి కావాలా? అతన్ని వద్దనకపోతే నిన్ను దించేస్తాం."

"దించండి. నేను మాత్రం వద్దనను."

మార్లిస్ ఇక ఉండబట్టలేకపోయింది. ఆమె చేతిలో ఎవరికీ చూపని ఫైలొకటి ఉంది: జైలు నుంచి వచ్చినవాళ్లలో టాంగెన్ పని ఇచ్చినవాళ్ల పేర్లు, రెండువందల పదహారు. మూడోది స్ట్రాండ్ సొంత తమ్ముడిది. "అలాస్కాలో చేపల వ్యాపారం" అని స్ట్రాండ్ ఊరంతా చెప్పుకున్న ఆరేళ్లూ ఆ తమ్ముడు జైల్లో ఉన్నాడు. ఇప్పుడు ఫార్గో ఊళ్లో టాంగెన్ దుకాణానికి మేనేజరు.

"ఒక్క పేరు చదువుతానండీ," అంది. "ఒక్కటే. మూడోది."

స్ట్రాండ్ మొహం పాలిపోయింది.

"వద్దు మార్లిస్," అన్నాడు టాంగెన్. "ఫైలు మూసెయ్. కాఫీ చల్లారిపోతోంది, అందరికీ ఇవ్వు."

ఆమె పళ్లు నూరుకుంటూ ఇచ్చింది. స్ట్రాండ్‌కి మాత్రం అరకప్పు.

టాంగెన్‌ని దించాలన్నవాళ్లను చేతులెత్తమన్నారు. నాలుగు లేచాయి. నాలుగు లేవలేదు. తొమ్మిదో చెయ్యి స్ట్రాండ్‌ది. అది కప్పును పట్టుకుని ఉండిపోయింది.

"ఏమయ్యా, నువ్వే కదా రేపెట్టింది! చెయ్యెత్తవేం?" అన్నాడు పక్కాయన.

"కాఫీ ఒలుకుతుంది," అన్నాడు స్ట్రాండ్, అరకప్పులోకి చూస్తూ.

తీర్మానం వీగిపోయింది. సోమవారం లుండీన్ పనిలో చేరాడు. అతని పేరుబిళ్ల మీద ఒక అక్షరం తప్పు పడింది. అతనూ వద్దనలేదు, అదే పెట్టుకున్నాడు.